గట్టి నేలకు ఏ పనిముట్టు? మన వైపు సేద్యం నుంచి మన బడి మైదానం దాకా

 

ఈ సంచికకు బడి మైదానం గురించి రాయమని సంఘం పెద్దలు అడిగారు. కారణం మీకు తెలుసు. ఈ ఏడాది మనం తలకెత్తుకున్న పనుల్లో పెద్దది అదే. ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ జట్టుకూ, కొత్తగా మొదలైన మగపిల్లల బేస్‌బాల్ జట్టుకూ ఒక మెత్తటి ఇన్‌ఫీల్డ్ కావాలి. దాని పక్కనే మూలపడిన కబడ్డీ, ఖోఖో కోర్టులు మళ్ళీ లేవాలి. విరాళాలు వచ్చాయి. ఏ యంత్రం కొనాలన్న దగ్గరే మాట తెగలేదు. రోటవేటర్ కొందామని కొందరు, పెద్ద రోలర్ కావాలని కొందరు, విదేశీ యంత్రం తెప్పిద్దామని మరి కొందరు అన్నారు.

నేను 1984లో ఇక్కడ పదో తరగతి పాసయ్యాను. ఆ తర్వాత ఇంజనీరునై ముప్పై ఏళ్ళకు పైగా కాలువ గట్లు, రోడ్డు కట్టలు వేయించాను. అంటే ఇన్నేళ్ళూ నా ఉద్యోగం నేలను గట్టిపరచడమే. ఇప్పుడు అడుగుతున్నది దాన్ని మెత్తపరిచే ఉపాయం. నేల ఎందుకు బిగుస్తుందో తెలిసినవాడికి అది ఎట్లా విడుతుందో కూడా కొంత తెలుస్తుంది. అయితే యంత్రం పేరు చెప్పే ముందు కొంత చరిత్ర చెప్పాలి. ఎందుకంటే ఆదోని, ఎమ్మిగనూరు వైపు జనం గట్టి నేలతో పడిన పాట్లు ఇవాళ్టివి కావు. ఆ పాట్లలో మనకు కావలసిన జవాబు చాలావరకు ఉంది.

రెండు నేలల మధ్య

మన వైపు నేల రెండు రకాలు. ఆదోని కోట ఉన్న కొండల్లాంటి నల్లరాతి గుట్టల దగ్గర, ఆ రాయి చివికి ఏర్పడిన ఎర్ర నేల. గుట్టలు దాటి మైదానంలోకి దిగితే నల్లరేగడి. పత్తికీ జొన్నకూ పేరు తెచ్చింది ఆ రేగడే. ఆదోని పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు, 1871 ప్రాంతంలో మద్రాసు–బొంబాయి రైలు దారి వచ్చాక ఇక్కడ పెరిగిన దూది వ్యాపారం, అన్నీ ఆ నల్ల మట్టి మీద లేచినవే.

రేగడిలో బంకమన్ను పాలు ఎక్కువ. ఆ బంకలో మాంట్‌మోరిల్లనైట్ అనే ఖనిజం ఉంటుంది. తడి తగిలితే అది ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అందుకే వానాకాలంలో చెప్పు ఊడిరాని బురద, వేసవిలో కాలు దిగేంత నెర్రెలు. ఎర్ర నేల గుణం వేరు. అది నెర్రెలివ్వదు గానీ వాన చినుకు తగిలి ఆరితే పైన అట్ట కడుతుంది. తొక్కుడు పడితే రాయిలా బిగుస్తుంది. మన బడి మైదానం ఈ రెండు నేలలూ కలిసే చోట ఉంది. ఉత్తరం వైపు ఎరుపు, దక్షిణం వైపు నలుపు. చిన్నప్పుడు వాన పడగానే ఉత్తరం వైపే ఎందుకు ఆడుకునేవాళ్ళమో ఇప్పుడు అర్థమవుతోంది కదా.

గుంటక నేర్పిన పాఠం

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి వదులుకున్నాడు. అప్పుడు మనది దత్త మండలాల్లో భాగం. 1808లో దత్త మండలాలను రెండు జిల్లాలుగా విడగొట్టినప్పుడు ఆదోని బళ్ళారి కిందికి వెళ్ళింది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన నాడే ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. ఎమ్మిగనూరు అప్పట్లో ఆదోని తాలూకాలోదే. అందుకే మన వైపు సేద్యం ఎట్లా సాగేదో చూడాలంటే కర్నూలు కంటే బళ్ళారి పాత పుస్తకాలు తిరగేయాలి. డబ్ల్యూ. ఫ్రాన్సిస్ కూర్చిన బళ్ళారి జిల్లా గెజిటీర్ 1904లో అచ్చయింది.

ఆ కాలపు రేగడి సేద్యంలో ఇవాళ్టి ఇంజనీరుకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. రైతు ఏటా మడక కట్టి లోతుగా దున్నేవాడు కాదు. గుంటక పాయించి, గొర్రుతో విత్తేవాడు. గుంటక అంటే మీకు తెలిసిందే. ఒక కొయ్య దూలం, దాని కింద అడ్డంగా బిగించిన ఇనుప పలక, ముందు ఎడ్లు. పలక నేలను తిరగెయ్యదు. పైపైన రెండు మూడు అంగుళాల లోతులో కోసుకుంటూ పోతుంది. పైన వదులు మట్టి పొరగా పడుతుంది. ఆ పొర కింది తడిని ఎండ పీల్చకుండా కాపాడుతుంది, నెర్రెలను పూడుస్తుంది, కలుపును కోస్తుంది. ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వానతో పంట తీయవలసిన చోట అదే సరైన పనిముట్టు.

లోతుగా దున్నడం తెలియక కాదు. చేనులో వేర్లు లోతుకు దిగే మొండి గడ్డి అల్లుకున్నప్పుడు పెద్ద మడక తీసేవాళ్ళు. దానికి ఒక జత ఎడ్లు చాలవు, జతల వెంట జతలు కట్టాలి. మనుషులు కూడా పదిమంది కావాలి. ఆ పని ఎన్నో ఏళ్ళకు ఒకసారి. ఊళ్ళో ఒకరి మడక, పదిమంది ఎడ్లు కలిపి పని జరుపుకొనేవారు.

ఇందులో ఉన్న లెక్క గమనించండి. లోతు పని అరుదుగా చేయాలి, దానికి సామాను అరువు తెచ్చుకోవాలి. పైపని తరచుగా చేయాలి, దానికి తేలికైన పనిముట్టు ఇంట్లోనే ఉండాలి. మన మైదానానికి నేను చెప్పబోయే లెక్క కూడా ఇదే.

కళ్ళం, మిద్దె, గరిడీ

సేద్యం పక్కన పెడితే, మన పెద్దలు ఒకే మట్టిని మూడు పనులకు మూడు రకాలుగా తయారుచేసేవారు.

మొదటిది కళ్ళం. జొన్న కంకులు నూర్చడానికి నేల గట్టిగా, గింజ దిగనంత నునుపుగా ఉండాలి. చోటు చెక్కి, నీళ్ళు చల్లి, ఎడ్లతో తొక్కించి, పేడతో అలికేవారు. కావాలని గట్టిపరిచిన నేల అది.

రెండోది మిద్దె. ఆదోని, ఎమ్మిగనూరు పాత వీధుల్లో మట్టి మిద్దెలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. వాటి మీద పరిచేది చవుడు మన్ను. చవుడులో సోడియం ఉప్పు ఎక్కువ. తడి తగలగానే ఆ ఉప్పు బంక రేణువులను విడగొడుతుంది, విడిపోయిన రేణువులు మట్టి సందుల్లో ఇరుక్కుని నీళ్ళు దిగకుండా మూసేస్తాయి. వానల ముందు మిద్దె మీద కొత్త చవుడు వేసేది అందుకే. అయితే మిద్దె మీద మేలు చేసే ఈ గుణమే మైదానంలో కీడు. చవుడు చేరిన ఆట నేల వాన పడితే జారుతుంది, ఎండితే పెంకులా బిగుస్తుంది. దాన్ని ఎంత గోకినా మళ్ళీ వాన పడితే అంతే. అక్కడ పనిముట్టు చాలదు. మట్టి పరీక్ష చేయించి, వాళ్ళు చెప్పిన మోతాదులో జిప్సం కలపాలి. జిప్సంలోని కాల్షియం వచ్చి సోడియాన్ని పక్కకు నెడుతుంది.

మూడోది గరిడీ. కుస్తీ పట్టే గోదా మట్టి చూసినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. జల్లెడ పట్టిన ఎర్రమన్ను, కొన్నిచోట్ల అందులో నూనె, పసుపు, మజ్జిగ. పైల్వాన్లు కుస్తీకి దిగే ముందు తామే పార పట్టి గోదా అంతా తవ్వుతారు. తర్వాత ఒక బరువైన పలక మీద మనిషిని నిలబెట్టి, తాడు కట్టి లాగి చదును చేస్తారు. ఎండిపోతే నీళ్ళు చిలకరిస్తారు. తవ్వడం, చదును చేయడం, తడపడం. ఏ దేశంలో ఏ ఆటకైనా మట్టి నేలను కాపాడే పని ఈ మూడు మాటల్లోనే ఉంది. తేడా అంతా లోతులో, పనిముట్టు ఆకారంలో ఉంటుంది.

మనం చదువుకున్న రోజుల్లో మన డ్రిల్లు సారు చేసిందీ ఇదే. జోన్ పోటీల ముందు గడ్డపారలతో కబడ్డీ కోర్టు అడుగు లోతున తవ్వించేవారు. బెడ్డలు ఏరించేవారు. సామిల్లు నుంచి రంపపు పొట్టు, నూనె మిల్లు నుంచి మెత్తటి శెనక్కాయ పొట్టు, ఎవరింటి నుంచో పశువుల ఎరువు తెప్పించి కలిపించేవారు. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కోర్టు మొత్తం పిల్లల చేతుల మీదుగానే తయారయ్యేది. ఆ పని శిక్ష అనుకున్నవాళ్ళం మనలో ఉన్నాం. మోకాలు చీరుకోకుండా నాలుగేళ్ళు ఆడామంటే ఆ పని వల్లనే.

మైదానం ఎట్లా రాయైంది

మైదానం ఒక్క రోజులో బిగుసుకోలేదు. ఎగ్జిబిషన్లకు ఇచ్చారు, లారీలు తిరిగాయి. డ్రైవింగు నేర్చుకునేవాళ్ళు పొద్దున్నే కార్లు తిప్పారు. పెద్ద దెబ్బ మాత్రం ఒక సభ వల్ల తగిలింది. ఎవరి సభ, ఎవరు వేయించారు అన్నది ఇక్కడ అనవసరం. వాన పడి మైదానం తడిగా ఉంటే, బండ్లు దిగబడకుండా గరుసు తోలించి, నీళ్ళు కొట్టి, వైబ్రేటింగ్ రోలర్ తిప్పారు. సభ ఒక పూటలో ముగిసింది. గరుసు తీసేవాళ్ళు రాలేదు. రోడ్డు పని చూసినవాడిగా చెబుతున్నాను, ఆ పని పద్ధతిగానే చేశారు. చేసిన చోటే తప్పు.

ఆ తర్వాత ఖోఖో ఆగిపోయింది. డైవ్ కొడితే చర్మం ఊడుతున్న చోట ఖోఖో ఎవరు ఆడతారు? ఇప్పుడు మన సాఫ్ట్‌బాల్ పిల్లలు కోత అయిపోయిన ఒక శెనక్కాయ చేనులో ప్రాక్టీసు చేస్తున్నారు. ఆ రైతు మంచి మనిషి, వద్దనలేదు. కానీ విత్తనం పడే రోజు వస్తే పిల్లలు లేచిపోవాలి. వాళ్ళు పోటీలకు వెళ్ళే జిల్లాల్లో పరిస్థితి వేరు. మన పక్కన అనంతపురంలో ఆర్డీటీ క్రీడా గ్రామంలో సాఫ్ట్‌బాల్‌కు మంచి నేల ఉంది. ఆ నేల మీద స్లైడింగ్ నేర్చుకున్న పిల్లలకు ఎదురుగా, స్లైడింగ్ అంటేనే భయపడే మన పిల్లలు నిలబడుతున్నారు. చేతకాక కాదు, పడి నేర్చుకునే చోటు లేక.

ఈ మైదానం చూడడానికి నాతో వచ్చిన ఒక పెద్దాయన, గుంటక పట్టిన చేతి మనిషి, కాలి బొటనవేలితో నేలను రెండుసార్లు గీరి ఇట్లా అన్నాడు: “ఎండకు గాదు సారూ ఇది బిగిసింది. పదున్లో తొక్కిచ్చినారు. అందుకే రాయైంది.”

ఇంజనీరింగు పుస్తకాల్లో పేజీల కొద్దీ ఉన్నది ఆయన మూడు ముక్కల్లో చెప్పాడు. 1933లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఆర్. ఆర్. ప్రాక్టర్ అనే ఇంజనీరు డ్యాముల కట్టల కోసం మట్టిని రకరకాల తడిలో దిమ్మిస వేసి చూశాడు. మరీ పొడిగా ఉంటే మట్టి సరిగా బిగియదు, మరీ తడిగా ఉన్నా బిగియదు. మధ్యలో ఒక తడి దగ్గర అత్యంత గట్టిగా బిగుస్తుంది. ప్రపంచమంతా ఆ పరీక్షను ఇప్పటికీ ప్రాక్టర్ పేరుతోనే పిలుస్తోంది. మన రైతు పదును అనే స్థితికి అది దగ్గరగానే ఉంటుంది. దున్నడానికి అనుకూలమైన సమయమే తొక్కుడుకు అత్యంత ప్రమాదమైన సమయం అన్నమాట.

పదును ఉందో లేదో తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ అటెర్‌బర్గ్ 1911లో చెప్పిన పరీక్ష ఇప్పటికీ మన ప్రయోగశాలల్లో జరుగుతోంది. కాస్త మట్టి తీసుకుని అరచేతితో పురిపెట్టాలి. మూడు మిల్లీమీటర్ల సన్నం దాకా తెగకుండా పురి సాగితే తడి ఎక్కువ, పనిముట్టు దింపకూడదు. అంత సన్నం కాకముందే పొడిపొడిగా విరిగితే నేల పనికి సిద్ధం. రైతు ఇదే పనిని గుప్పిట్లో ముద్ద చేసి, కిందికి వదిలి చూస్తాడు.

బేస్‌బాల్ దేశం ఏం నేర్చుకుంది

బేస్‌బాల్ తెలియని గురువుల కోసం రెండు మాటలు. నాలుగు బేసులు చతురస్రంగా ఉంటాయి. బేస్‌బాల్‌లో ఒక్కో భుజం 27.43 మీటర్లు, సాఫ్ట్‌బాల్‌లో 18.29 మీటర్లు. ఈ బేసుల చుట్టూ ఉన్న భాగమే ఇన్‌ఫీల్డ్. సాఫ్ట్‌బాల్‌లో అదంతా గడ్డి లేని మట్టి. బేస్‌బాల్‌లో మధ్యన గడ్డి ఉన్నా, పరుగెత్తే దారి మట్టే. బంతి ఆ మట్టి మీద దొర్లుతుంది, ఎగురుతుంది. పరుగెత్తే ఆటగాడు బేసు అందుకోవడానికి ఆ మట్టి మీదే జారుతాడు. కాబట్టి నేల ఎంత గట్టిది అన్న దాని మీదే ఆట నడక ఆధారపడి ఉంటుంది.

ఈ సంగతి అమెరికా వాళ్ళు చాలా ముందే గ్రహించారు, కొన్నిసార్లు కొంటెగా వాడుకున్నారు కూడా. 1890ల్లో బాల్టిమోర్ ఓరియోల్స్ జట్టు మైదానం చూసే థామస్ మర్ఫీ బ్యాటర్ ముందున్న నేలను కావాలని రాయిలా బిగించేవాడు. బ్యాటర్లు బంతిని నేలకేసి కొడితే అది ఆకాశానికి ఎగిరేది, దిగేలోపు మొదటి బేసు చేరిపోయేవాళ్ళు. ఆ దెబ్బకు ‘బాల్టిమోర్ చాప్’ అనే పేరు నిలిచిపోయింది. 1962లో శాన్ ఫ్రాన్సిస్కోలో దీనికి తిరగబడ్డ కథ జరిగింది. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టులో మౌరీ విల్స్ అనే మెరుపు పరుగుల ఆటగాడు ఉండేవాడు. ఆ ఏడాది 104 బేసులు దొంగిలించాడు. అతణ్ణి ఆపడానికి జెయింట్స్ మైదానం చూసే మాటీ ష్వాబ్ మొదటి బేసు దగ్గర నేల తవ్వి, ఇసుకా తడి పట్టే పీట్ నాచూ కలిపి, నీళ్ళు పట్టించాడు. విల్స్ కాళ్ళకు పట్టు దొరకలేదు.

రెండూ న్యాయం కాదు. కానీ రెండిటి నుంచీ నేర్చుకునేది ఒకటుంది. పార, నీళ్ళు, దిమ్మిస చేతిలో ఉండి, మట్టి తెలిసిన ఒక మనిషి ఉంటే నేల ఎట్లా చెబితే అట్లా వింటుంది.

ఇవాళ అక్కడి బడి మైదానాల్లో రోజూ వాడే పనిముట్లు చూస్తే మనకు కొత్తవేమీ కావు. ఒకటి మేకుల చట్రం. కొయ్య దూలానికో ఇనుప యాంగిల్‌కో కింద మేకులు దిగ్గొట్టి లాగుతారు. పైన 6 నుంచి 12 మిల్లీమీటర్ల పొర మాత్రమే విడుతుంది. రెండోది ఉక్కు తీగ అల్లిక చాప. దాన్ని వెనకే లాగితే విడిన మట్టి సమంగా పరుచుకుంటుంది. మేకుల చట్రాన్ని మన గొర్రుకు తమ్ముడనుకోండి, చాపను గోదా పలకకు చెల్లెలనుకోండి. పని గుంటక పనే. కింద గట్టిగా, నిలకడగా ఉండాలి. పైన పలుచటి మెత్తటి పొర ఉండాలి. కాలికి కింది నుంచి పట్టు, ఒంటికి పై నుంచి మెత్తదనం.

ఏం కొనాలి, ఏం అద్దెకు తేవాలి

ముందుగా రోటవేటర్ గురించి. సేద్యంలో దానికి చోటుంది, ఇన్‌ఫీల్డ్‌లో లేదు. దాని కత్తులు అయిదారు అంగుళాలు పిండి చేస్తాయి. కాలికి పట్టు పోతుంది, వాన పడితే అంతా బురద. పైగా కత్తులు తిరిగే లోతు కిందనే గట్టి పొర ఏర్పడి నీళ్ళు నిలుస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, మన మైదానంలో గరుసు ఉంది. రోటవేటర్ ఆ గరుసును మట్టిలో కలిపేస్తుంది. కలిసిన గరుసును ఏరడం ఎవరి తరమూ కాదు.

వైబ్రేటింగ్ రోలర్ కూడా వద్దు. మనకు జరిగిన నష్టం దాని వల్లనే కదా.

పెద్ద మడక లెక్కన ఒక్కసారి చేసే పనులకు సామాను అద్దెకు తెద్దాం. మొదట జేసీబీతో గరుసు పొరను గోకి ఎత్తి బయటకు తోలించాలి. తర్వాత మంచి వాన పడి, పురి పరీక్షలో పదును కుదిరిన రోజున, ట్రాక్టర్‌కు తొమ్మిది పళ్ళ కల్టివేటర్ కట్టి నిలువూ అడ్డమూ 15 సెంటీమీటర్ల లోతున దున్నించాలి. బెడ్డలు పగలగొట్టి, మధ్య నుంచి అంచులకు 100కి 1 వాలు ఉండేట్టు సరిచేయాలి.

దాని మీద 10 సెంటీమీటర్ల కొత్త మట్టి. సాఫ్ట్‌బాల్ ఇన్‌ఫీల్డ్ విస్తీర్ణం సుమారు 700 చదరపు మీటర్లు. అంటే పరిచి అణిచాక 70 ఘనపు మీటర్లు, వదులు మట్టిగా దాదాపు 90. ట్రాక్టర్ ట్రాలీకి మూడు చొప్పున 30 ట్రాలీలు. మట్టిలో మూడింట రెండు పాళ్ళకు పైగా ఇసుక, మిగతాది ఒండ్రు, బంక ఉండాలి. బంక మరీ తగ్గితే మట్టి నిలవదు, పెరిగితే రేగడి అవుతుంది. మన ఎర్రమన్నులో ఇసుక కలిపి, పట్టు కోసం కొద్దిగా రేగడి చేర్చితే సరిపోవచ్చు. ముందు గాజు సీసాలో మట్టీ నీళ్ళూ పోసి గిలకొట్టి చూడండి. ఇసుక నిమిషంలో దిగుతుంది, ఒండ్రుకు గంటలు పడుతుంది, బంక మరుసటి రోజుకూ తేలుతూనే ఉంటుంది. సైన్సు సార్లు దీన్ని పిల్లలతో చేయించవచ్చు. ఉప్పు, చవుడు లెక్కకు మాత్రం బనవాసి కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి సలహా తీసుకుందాం.

ఇక గుంటక లెక్కన సొంతంగా ఉండాల్సినవి ఇవి. ఆరడుగుల మేకుల చట్రం ఒకటి. ఆదోనిలో ఏ వెల్డింగు షాపులోనైనా చేస్తారు. రెండు అంగుళాల ఎడంతో మేకులు, పైన బరువు పెట్టుకోవడానికి చోటు, ఇద్దరు లాగగలిగే తాడు. ఉక్కు అల్లిక చాప ఒకటి. మనుషులు లాగే చిన్న రోలర్ ఒకటి. ఇనుప పళ్ళ రేక్‌లు నాలుగు. బ్యాటర్, పిచ్చర్ నిలబడే చోట్ల గుంటలు పడతాయి కాబట్టి వాటిని పూడ్చి అణచడానికి దిమ్మిస ఒకటి. తుంపరగా నీళ్ళు చల్లే పైపు. ఈ మొత్తం ఖర్చు రోటవేటర్ ధర దరిదాపుకు రాదు.

వాడుక కూడా చెప్పాలి. చట్రం, చాప నెమ్మదిగా లాగాలి. రోజూ ఒకే దిక్కుకు లాగితే మట్టి అంచులకు చేరి గట్టులా లేస్తుంది, వాన నీళ్ళు లోపలే నిలుస్తాయి. అందుకని ఒక రోజు గుండ్రంగా, మరో రోజు నిలువుగా. అంచులకు అడుగు ముందే ఆపి, మిగిలింది రేక్‌తో లోపలికి లాక్కోవాలి. బేసుల దగ్గర చేతిపనే. ఎండిన నేల మీద చట్రం లాగితే మట్టి దుమ్మై గాలికి పోతుంది. సాయంత్రం నీళ్ళు చల్లి, పొద్దున లాగాలి. మూడు మిల్లీమీటర్ల తడికి 700 చదరపు మీటర్లకు 2,100 లీటర్లు, అంటే చిన్న ట్యాంకరులో సగం. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే మాత్రం రోజూ చల్లి చవుడు తెచ్చుకోవద్దు. బడి కప్పు మీద వాన నీళ్ళు పట్టుకునే తొట్టి కట్టుకుందాం.

అన్నిటికంటే ముందు

పనిముట్ల పట్టీ ఇంతే. అయితే గెజిటీర్ నుంచి గరిడీ దాకా చూసిన చరిత్రలో ఎక్కడా పనిముట్టు ఒంటరిగా పని చేయలేదు. పదును చూసే కన్ను, రోజూ పట్టే చెయ్యి దాని వెంట ఉన్నాయి. మనకు లోటు అక్కడే వస్తుందని నా భయం. ప్రారంభోత్సవం నాడు అందరం వస్తాం. ఆర్నెల్ల తర్వాత చట్రం సామాన్ల గదిలో తుప్పు పడితే ఎవరు చూస్తారు?

అందుకే సంఘానికి నా ప్రతిపాదన మూడు అంశాలు. విరాళంలో సగానికి మించి సామాను మీద, మట్టి మీద ఖర్చు పెట్టవద్దు. మిగిలింది బ్యాంకులో వేసి, ఆ వడ్డీకి మనం ఏటా కొంత కలిపి, మైదానం చూసుకునే ఒక మనిషికి నెల జీతం ఇద్దాం. సేద్యం తెలిసిన మనిషైతే మరీ మంచిది. రెండోది, మైదానానికి ఒక నోటుబుక్కు పెడదాం. వాన ఎంత, నీళ్ళు ఎప్పుడు చల్లారు, ఎక్కడ గుంట పడింది, ఎవరు లాగారు అన్నీ రాయాలి. వ్యాయామ ఉపాధ్యాయులు బదిలీ అయినా ఆ పుస్తకం ఇక్కడే ఉంటుంది. మూడోది, మైదానం తడిగా ఉన్నప్పుడు ఏ బండీ లోపలికి రాకూడదని పాఠశాల కమిటీతో తీర్మానం చేయించి గేటుకు బోర్డు పెడదాం. సభ ఎవరిదైనా సరే. ఆ మాట అనడానికి ఒక్క ఉపాధ్యాయుడికి ధైర్యం చాలకపోవచ్చు. వెనుక యాభై ఏళ్ళ సంఘం ఉంటే చాలుతుంది.

జూన్‌లో తొలి వానలకు ముందే గరుసు తీయడం పూర్తి కావాలి. వాన పడ్డాక పదును మన కోసం ఆగదు. శెనక్కాయ చేను ఇచ్చిన రైతు కూడా అదే వానకు విత్తుకుంటాడు, మన పిల్లలు అక్కడి నుంచి లేవాలి. వాళ్ళు నేరుగా బడి మైదానంలోకే రావాలని నా కోరిక. గరుసు తీసే రోజున పారలు పట్టడానికి మన 1984 బ్యాచ్ వాళ్ళం పన్నెండు మందిమి మాట ఇచ్చాం. మిగతా బ్యాచ్‌ల వాళ్ళు తమ పేర్లు సంఘం కార్యదర్శికి ఇవ్వగలరు.